రెండు వేళ్ల తేడా

"అమ్మా, నీ బిడ్డకు ఒక బుజం దిగింది. రెండు వేళ్లంత తేడా ఉన్నది."

కొలత టేపు మెడలో వేసుకుంటూ అన్నాడు దర్జీ దేవప్ప.

చంద్రమ్మ కూతురి భుజాల వైపు చూసింది. పన్నెండేళ్ల ఇంద్రమ్మకు పండగ జాకెట్టు కుట్టిద్దామని వస్తే ఇదేం మాట?

"సక్కగ నిలబడే!" అని ఇంద్రమ్మను కసిరింది.

"తప్పు నిలబడుట్ల లేదమ్మా. ఎన్నుపూసనే పక్కకు వంగుతుంది."

దేవప్ప నారాయణఖేడ్‌కు కొత్త. అరవై దాటిన మనిషి. బీదర్ వైపు నుంచి వచ్చి, ఆ వీధిలోనే ఉండే కిష్టవ్వ ఇంటి ముందుగది అద్దెకు తీసుకుని మిషను పెట్టుకున్నాడు. నా అన్నవాళ్లు లేరు.

"ఎదిగే పిల్ల, జల్దీ జల్దీ వంగుతది. గిప్పుడే పట్టుకోవాలె. పొద్దుగాల దూలం పట్టుకొని ఏలాడాలె. లోపలికి పోయిన పక్క ఉబ్బేటట్టు ఊపిరి పీల్చాలె. నేను నేర్పిస్త."

"సక్కగైతదా?"

"కాదు. ఇంక వంగకుంట ఆగుతదేమో. గంతే."

చంద్రమ్మకు ఒళ్లు మండింది. రేపో మాపో సంబంధాలు వచ్చే పిల్లకు నడివీధిలో వంక పెడతాడా?

"బట్టలు కుట్టెటోనివి, నీకేం ఎరుక?"

"నాకు ఎరుకనే అమ్మా. సూడు..." అంటూ దేవప్ప లేచి, వెనక్కి తిరిగి అంగీ గుండీలు విప్పబోయాడు.

"ఆడోళ్ల ముంగట అంగి ఇప్పుతవా? సిగ్గు లేదా ముసలోడా!"

ఆ కేకకు వీధి వీధంతా వచ్చింది.

దేవప్ప గుండీలు పెట్టుకుని, తల వంచుకుని కూర్చున్నాడు. మర్నాటి నుంచి ఆడవాళ్ల బట్టలు అతని దగ్గరికి రాలేదు. కందుల వ్యాపారులకు గోనెసంచులు కుట్టి పొట్టపోసుకున్నాడు.

ముఖం బాగాలేక అద్దం పగలగొట్టడమంటే ఇదే.

చంద్రమ్మ బస్టాండు దగ్గరి దర్జీని పట్టుకుంది. అతను తెలివైనవాడు, చెప్పినట్టు కుట్టేవాడు. దిగిన భుజం కింద దూది పెట్టి కుట్టాడు. భుజాలు రెండూ సమానంగా కనిపించాయి. చంద్రమ్మకు ప్రాణం లేచొచ్చింది.

తర్వాతి జాకెట్టుకు ఇంకాస్త దూది. ఆ తర్వాతి దానికి మరికాస్త. మూడేళ్లలో దూది పెరిగింది, ఇంద్రమ్మ పెరిగింది, వంకరా పెరిగింది.

ఒకరోజు నీళ్ల బిందె తెస్తూ ఇంద్రమ్మ ఆయాసంతో వాకిట్లోనే కూలబడింది. పెదవులు నల్లబడ్డాయి.

హైదరాబాద్ దవాఖానలో డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు.

"వంకర ఆగడానికి వీపుకు బెల్టు వేసే వయసు దాటింది. ఆపరేషన్ చేద్దామంటే ఊపిరితిత్తులు తట్టుకోవు."

"మరెట్ల సారూ?"

"ఎదిగే వయసులో కసరత్తు చేయిస్తే కొంత ఆగేదేమో. అప్పుడు మీకెవరూ చెప్పలేదా?"

ఇంద్రమ్మ తల్లి ముఖంలోకి చూసింది.

"ఎవ్వరు చెప్పలే సారూ," అంది చంద్రమ్మ.

కూతురు ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదనిపించింది చంద్రమ్మకు.

బస్సు దిగగానే కూతుర్ని ఇంటికి పంపి, నేరుగా కిష్టవ్వ ఇంటికి నడిచింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని ఆమెకూ తెలుసు. అయినా తల్లి ప్రాణం. కాళ్లు పట్టుకునైనా సరే, ఆ ఊపిరి పీల్చే విద్య ఇప్పుడైనా నేర్పమని అడగాలి.

ముందుగదిలో మిషను లేదు. ఉల్లిగడ్డలు ఆరబోసి ఉన్నాయి.

"దేవప్ప ఏడి కిష్టవ్వా?"

"పోయిన నెలనే సచ్చిపోయిండు. జరమొచ్చి రెండు దినాలల్ల పాయె. అయినోళ్లు ఎవ్వరు లేరు గద, ఆఖరి సానం మా ఇంటోళ్లే పోసిన్రు."

చంద్రమ్మ గడప మీద కూర్చుంది. కిష్టవ్వ వచ్చి పక్కన కూర్చుంది.

"రోజు తెల్లారంగనే దూలం పట్టుకొని ఏలాడుతుంటే పిస్సోడనుకున్నం గని చంద్రమ్మా, సానానికి అంగి ఇప్పి చూస్తే, ఆయన వీపు అచ్చం నీ బిడ్డ వీపే."