అడుగున ఆకుపచ్చ రంగు

మొదటి దెబ్బ వడ్రంగి మేస్త్రి కుడి భుజం మీద పడింది. అసలే ఏళ్ల తరబడి చేతిరంపం లాగి లాగి అరిగిపోయిన భుజమది. ఇనప రాడ్డు తగలగానే చెయ్యి తిమ్మిరెక్కి, పట్టుకున్న చెక్క జారి కాలి మీద పడింది.

“నా మిషను మీద నువ్వు చెక్కలు కోసుకుంటావురా?” అంటూ కోరమీసం మనిషి లోపలికొచ్చి షట్టరు సగం దించాడు. వెనకే, బయట ఆపిన వ్యాను డ్రైవరు. ఇద్దర్నీ మేస్త్రి ఎన్నడూ చూసి ఎరగడు.

“నీ మిషనేంటి? ఈ రంపం మిషను నేను కొనుక్కున్నాను!”

“ఎవడి దగ్గర?”

“షాపు ఎత్తేస్తున్నానని ఒకాయన...”

“వాడు నా దగ్గర అద్దెకు తీసుకుని నీకు అమ్మేశాడు. నాలుగు తగిలిస్తే నీ అడ్రసు కక్కాడు. ఇప్పుడు ఆస్పత్రిలో ఉన్నాడు. నీకూ పక్క మంచం చెప్పమంటావా?”

రెండో దెబ్బకి గోడకి ఆనించిన కొత్త తలుపు నిలువునా చీలింది. మర్నాడు ఎవరింటికో వెళ్లాల్సిన తలుపు. మూడోది మేస్త్రి నుదుటి మీద తగిలి, నెత్తురు కంట్లోకి దిగింది.

తనను కొడితే ఓర్చుకున్నాడు గానీ, ఆ తలుపు చూసేసరికి మేస్త్రికి ఒళ్లు మండిపోయింది. మిషను పోతే మళ్లీ చేతిరంపమే గతి. ఈ భుజంతో అది కల్ల. పని పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. ఎడమ చేత్తో బాడిస అందుకుని ఎద్దులా మీదికి దూకాడు. కోరమీసాన్ని గోడకి అదిమిపెట్టి పదును మెడకి ఆనించాడు. డ్రైవరు బిక్కచచ్చిపోయాడు.

“నరుకు,” అన్నాడు కోరమీసం, గొంతు దగ్గర సన్నగా నెత్తురు కారుతుంటే. “నరికి జైలుకి పో. కానీ ముందు దాని అడుగున చూడు. అద్దె మిషన్లకి గుర్తుగా ఒక్కో ఓనరు కింద ఒక్కో రంగు పూస్తాడని తెలుసుగా? ఆకుపచ్చ ఉంటే మిషను నాది. లేకపోతే ఈ మెడ నీది.”

తెలియకేం? ఆ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. కొనేటప్పుడు మేస్త్రి ఆ ఒక్కటీ వంగి చూడలేదు. చవగ్గా వస్తోందంటే మనిషికి నడుం వంగదు మరి!

అలికిడికి వెనక గదిలోంచి పరిగెత్తుకొచ్చిన భార్య, టార్చి పట్టుకుని మిషను కిందికి దూరింది. బయటికి వచ్చినప్పుడు ఆమె మొహంలో రంగు లేదు.

“ఉందయ్యా. ఆకుపచ్చే.”

మేస్త్రి చెయ్యి దిగిపోయింది.

“నాకు తెలీదండీ. నమ్మి కొన్నాను.”

“నువ్వు హరిశ్చంద్రుడివే కావచ్చు. అద్దెకు తెచ్చుకున్నవాడికి అమ్మే హక్కు లేదు. వాడికే లేని హక్కు కొన్న నీకెక్కణ్ణించి వస్తుంది? కోర్టుకెళ్లినా ఈ మాటే చెప్తారు.”

మాట న్యాయమే. న్యాయం అవతలివాడిదని తెలిశాక కత్తి పట్టుకునే రకం కాదు మేస్త్రి. బాడిస కింద పడేసి తల దించుకున్నాడు.

“ఇచ్చెయ్యి,” అంది భార్య, తువ్వాలుతో అతని నుదురు అదుముతూ. “మనది కానిది మనకెందుకు? బతికుంటే ఇంకో దారి చూసుకుందాం.”

“ముందు పాడుచేశావేమో చూడనీ,” అని కోరమీసం స్విచ్చి వేశాడు. మిషను గిర్రున తిరిగింది. కట్టేసి, వెంటనే రంపం పళ్ల మీద చెయ్యి వెయ్యబోయాడు. మేస్త్రి ఒక్క ఉదుటున ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు.

“ఆగండి! కట్టేశాక కూడా అది కాసేపు తిరుగుతుంది. వేళ్లు తెగిపోతాయి.”

కోరమీసం తెల్లబోయి చూశాడు. కోపంలో పాపం తన మిషను సంగతే మర్చిపోయాడనుకున్నాడు మేస్త్రి.

ముగ్గురూ కలిసి దాన్ని వ్యాను ఎక్కించారు. బరువంతా మేస్త్రి దెబ్బతిన్న భుజం మీదే పడింది. “తప్పయిందండీ” అని చేతులు జోడించాడు కూడా. కోరమీసం వెళ్తూ వెళ్తూ అతని కడుపులో ఒక్క తన్ను తన్నాడు. మేస్త్రి ముడుచుకుపోయాడే గానీ తిరిగి చెయ్యెత్తలేదు.

మర్నాడు పొద్దున మేస్త్రి నుదుటికి కట్టుతో కూర్చుని, చీలిన తలుపుని ఒంటి చేత్తో విప్పుతుంటే ఒక ముసలాయన మెల్లగా లోపలికొచ్చాడు. ఎడమ చేతికి రెండు వేళ్లు లేవు. ఉన్నవాటి గోళ్ల సందుల్లో ఆకుపచ్చ రంగు మరకలు.

“అయ్యో, ఎవరు కొట్టారు బాబూ?”

“నా తప్పేనండీ, పరాయి సొత్తు కొన్నాను. మీకేం కావాలి?”

ముసలాయన మూలకి చూశాడు. అక్కడ రంపప్పొట్టు మధ్య మిషను కాళ్ల గుర్తులు మాత్రం ఉన్నాయి.

“ఇక్కడో రంపం మిషను ఉందన్నారే?”

“నిన్న దాని ఓనరు వచ్చి పట్టుకెళ్లాడండీ. కొట్టాడనే గానీ, న్యాయం మాత్రం అతనిదే.”

ముసలాయన ఉన్నచోటే కూలబడ్డాడు.

“దాని ఓనర్ని నేనే బాబూ.”