వంటింటి మూల

"బూజు పని మీద వచ్చానమ్మా."

గుమ్మంలో కళ్లద్దాల మనిషి. భుజాన గుడ్డసంచి.

ఇల్లు దులిపే మనిషి కోసం ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్న ఇల్లాలు ఆయన్ని రెండో మాట మాట్లాడనివ్వలేదు.

"ఇప్పటికి తీరిందా నీకు? ఇదిగో కర్ర. ముందు హాలు కానీ."

ఆయన బూజుకర్ర వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు. నోరు తెరవబోయాడు. ఆవిడ అప్పటికే కుర్చీలు జరిపేస్తోంది. చేసేది లేక దులపడం మొదలుపెట్టాడు.

తల నిండా సాలెగూళ్లు. ఆవిడ కూతురు, చిన్నపిల్ల, ఒకటే నవ్వు.

"వంటింటి మూల వదిలేశావే!" కసిరింది ఆవిడ.

"అందలేదమ్మా."

"సర్లే. ఎంతివ్వమంటావు?"

"డబ్బులొద్దమ్మా. నేనొచ్చింది బూజు పట్టని చోటు కోసం. మీ పెరట్లో అలాంటిదేమైనా ఉందా?"

"చెట్టు కింద!" అంది కూతురు. "అక్కడ కాయలు రాలి కుళ్లినా బూజు పట్టదు."

ఆయన అక్కడి మట్టి గుప్పెడు సంచిలో వేసుకుని, నిధి దొరికినట్టు వెళ్లిపోయాడు.

"పాపం, పిచ్చిమాలోకం," అంది ఆవిడ.

తర్వాత ఇల్లు దులిపినప్పుడల్లా తల్లీకూతుళ్లకు ఆ 'బూజు మామయ్య' గుర్తొచ్చేవాడు. కడుపుబ్బ నవ్వుకునేవారు. ఎంత బాగుండేవో ఆ రోజులు!

ఏళ్లు గడిచాయి. ఇప్పుడు, పెద్దదైన ఆ కూతురు ఆసుపత్రి మంచం మీద ఉంది. ఊపిరితిత్తుల్లో ఫంగస్.

"అంటే ఏంటి బాబూ?"

"బూజేనమ్మా," అన్నాడు డాక్టరు.

ఆ మాటకు తల్లికి నవ్వు రాకపోవడం అదే మొదటిసారి.

"మొదట వాడిన మందు బూజు కణానికి పొర తయారవనివ్వదు. దానికి లొంగలేదు. తర్వాతది ఆ పొర మీది గోడ కట్టుకోనివ్వదు. దానికీ లొంగలేదు. ఇక మిగిలింది ఇదే. ఉన్న పొరకే చిల్లులు పొడుస్తుంది."

పసుపు రంగు మందు చుక్కచుక్కగా దిగింది. తల్లి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంది.

జ్వరం దిగింది. కూతురు కళ్లు తెరిచి, "ఆకలేస్తోందమ్మా," అంది.

తల్లి డాక్టరు చేతులు పట్టుకుని ఏడ్చేసింది.

"ఈ మందు కనిపెట్టిన మహానుభావుడు ఎక్కడుంటాడు బాబూ? వెళ్లి దండం పెట్టుకుంటాను."

"మా మాస్టారేనమ్మా. పోయినేడాదే పోయారు. మట్టిలో బతికే ఓ సూక్ష్మజీవి నుంచి తీశారు దీన్ని."

"ఎక్కడి మట్టి?"

డాక్టరు నవ్వాడు.

"అదడిగితే ఆయన ఒకటే చెప్పేవారు: 'ఊరికే ఇచ్చారనుకున్నావా? ఇల్లంతా బూజు దులిపించుకుని మరీ ఇచ్చారోయ్, వంటింటి మూల ఒక్కటే బాకీ ఉండిపోయాను.'"