గేటుకు వేలాడిన పానా

ఆర్డిస్ గేటుకు గొలుసు చుట్టి తాళం వేస్తుండగానే ఆ మనిషి ఎర్ర బండి దిగాడు.

మంచు మడమలదాకా ఉంది. చేతిలో ఎప్పటిలాగే పెద్ద పానా, రేకు బకెట్టు.

గ్యాస్ కంపెనీ మనిషి. పేరేమిటో ఆమె ఎన్నడూ అడగలేదు. ఇంట్లో ‘గొట్టాలాయన’ అనుకునేవారు.

కొండమీద కంపెనీ తవ్విన లోతు బావులున్నాయి. రాతి పొరల్ని చీల్చి గ్యాస్ లాగే బావులు. ధర ఉన్నన్నాళ్లు ఆ దారిలో లారీలు పగలూ రాత్రీ తిరిగాయి. పొలాలున్న వాళ్లకు గ్యాస్ డబ్బులో వాటా అందింది. ఆ ధీమాతో ఆర్డిస్, ఆమె మొగుడు మెరిల్ పాత ఆవుల కొట్టం పడగొట్టి పెద్దది కట్టించారు.

తర్వాత ధర పడింది. ఊరూరా తవ్వితే పడక ఏమవుతుంది?

కంపెనీ యంత్రాలు విప్పుకుంది. బావుల మూతులు బిగించి వెళ్లిపోయింది. వాటా ఆగింది. ఆవులు సగం అమ్ముడుపోయాయి. కొత్త కొట్టంలో ఇప్పుడు గాలి తిరుగుతోంది.

కొండకు రావడం మానని వాడు ఈయనొక్కడే. పొద్దున్నే వచ్చి, గేటు లోపలున్న పాత చిన్న గ్యాస్ బావి దగ్గర వంగి, ఏదో మర తిప్పి పోతాడు.

మెరిల్ తాత నాటి బావి అది. ఒప్పందంలో దాన్నీ కంపెనీయే తీసుకుంది. బదులుగా ఇంటికి గ్యాస్ ఊరికే. పెన్సిల్వేనియాలో ఆ కొండల మీద ముసలి బావులున్న ఇళ్లకు అది ఆనవాయితీ. పొయ్యి ఎలా వెలుగుతోందని అక్కడ ఎవరూ ఆలోచించరు, పొద్దు ఎలా పొడిచిందని ఆలోచించనట్టే.

“తాళం దేనికమ్మా?” అన్నాడతను.

“మా గేటు. మా తాళం.”

“లోపల కాస్త పనుంది.”

“నీ పని తెలుసులేవయ్యా. ఉన్నవన్నీ బిగించారు. ఇంకా ఏం మిగిలిందని?”

“బిగించడానికి కాదు. ఆ గొట్టంలో నీళ్లు...”

“నీళ్ల సంగతి నాకొద్దు. మా బావులు ఎప్పుడు తెరుస్తారో చెప్పు.”

“ధర లేస్తే.”

“ఎప్పుడు లేస్తుంది?”

“నాకెవరు చెబుతారమ్మా.”

అతను కాసేపు ఆ ఇంటి పొగగొట్టం వైపు చూశాడు. ఒక్కసారి రానిస్తే ఎలా చేయాలో చూపించి పోతానన్నాడు.

“బావులు తెరిచి చూపించు. అప్పుడు తీస్తా తాళం,” అని ఆర్డిస్ వెనుదిరిగింది.

మెరిల్ పొయ్యి పక్కన కుర్చీలో ఉన్నాడు. ఆవు తన్ని తుంటి విరిగినప్పటి నుంచి అతని లోకం ఆ కుర్చీయే. చలి తగిలితే ఊపిరి పట్టేస్తుంది. పొయ్యి ఆరకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు.

“పంపించేశావా?” అన్నాడు.

“పంపించేశా.”

“పాపం, ఆ బకెట్టు మోసుకుంటూ వస్తాడే.”

“జీతమిస్తున్నారు, మోస్తాడు. మన వాటాకు లేదు గానీ, బకెట్టు మోయించడానికి మాత్రం ఉంది వాళ్ల దగ్గర.”

మధ్యాహ్నం గేటు దాకా వెళ్తే, గుంజకు పురికొసతో పానా వేలాడుతోంది. కింద బకెట్టు బోర్లించి ఉంది.

“అలిగి సామాను పారేసి పోయాడు,” అని ఇంటికొచ్చి చెప్పింది.

మెరిల్ నవ్వబోయి దగ్గాడు. “పానా వదిలేసి పోయాడంటే గట్టిగానే తిట్టి ఉంటావు.”

పోనీలే, మళ్లీ వస్తాడు, కంపెనీ ఊరుకుంటుందా అనుకుంది. అతను రాలేదు.

ఆ వారంలోనే చలి ముదిరింది. ఒక ఉదయం పొయ్యిలో మంట పసుపుపచ్చగా మారింది. రెండు మూడుసార్లు ఎగిరి పడి ఆరిపోయింది.

పాల గదిలోని చిన్న కరెంటు హీటరు తెచ్చి మెరిల్ కాళ్ల దగ్గర పెట్టింది. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పింది. అయినా అతని పెదాలు నీలంగానే ఉన్నాయి. మాట్లాడటం మానేశాడు.

కంపెనీకి ఫోను చేసింది. ఎంతోసేపటికి ఒక అమ్మాయి పలికింది. అంతా విని, చిన్న బావి గొట్టంలో నీళ్లు చేరి గడ్డకట్టి ఉంటాయంది. కింద ఇనప కుండలాంటిది ఉంటుంది, దాని మీద వేడినీళ్లు పోసి, మర తిప్పి, నీళ్లు దించేస్తే గ్యాస్ వస్తుంది. చలికాలమంతా రోజూ దించాలి.

“పెద్ద పానా ఉందామ్మా?”

ఆర్డిస్ కిటికీలోంచి గేటు వైపు చూసింది.

“ఉంది.”

“బకెట్టు?”

“అదీ ఉంది,” అంది. గొంతు తగ్గింది. వెంటనే మళ్లీ కోపం వచ్చింది. “అయినా ఇది మీ మనిషి పని కదమ్మా. రోజూ వచ్చేవాడు. ఎర్ర బండి. ఆయన్ని పంపండి.”

“ఎర్ర బండా?” అంది ఆ అమ్మాయి. “వెండెల్ గారేనా? ఆయన దొరకరమ్మా. పని వెతుక్కుంటూ నార్త్ డకోటా వెళ్లిపోయారు, మొన్ననే.”

“ఇక్కడ జీతం తీసుకుంటూ, పని మధ్యలో వదిలేసి పోతాడా?”



“ధర పడగానే మేం పనిలోంచి మొదట తీసేసింది ఆయన్నేనమ్మా,” అంది ఆ అమ్మాయి. “మొక్కజొన్న కోతలప్పటి నుంచి మీ కొండకు మేం ఎవర్నీ పంపలేదు.”