రెండో మంచం

ఒఫేలియా పెరట్లో దుప్పట్లు పిండి తీగ మీద ఆరేస్తోంది. ఇంట్లోని మూడు గదుల్నీ ప్రయాణికులకి బసకిస్తుంది కనుక ఆ పని రోజూ ఉండేదే.

వీధి గుమ్మం దగ్గర ఎవరో లోపలివాళ్ళని పిలుస్తూ చప్పట్లు కొట్టారు.

"రండి, తలుపు తెరిచే ఉంది!"

ఊలు శాలువా కప్పుకున్న నడివయసు మనిషి లోపలికొచ్చింది. ముఖం, మాట, బూట్లకంటిన దుమ్ము అన్నీ దేశం దక్షిణపు కొసవే. పేరు రొసెండా అంది.

"రేపు రాత్రికి గది కావాలమ్మా. రెండు మంచాలది."

"ఇద్దరా?"

"నేనూ, మా పెద్దావిడా. ఆవిణ్ణి మ్యూజియం వాళ్ళు రేపు వదుల్తామన్నారు. చేతికొచ్చేదాకా నమ్మకం లేదు."

ఆ మ్యూజియం రెండు వీధుల అవతలే. తిమింగలం ఎముకలు చూపించడానికి బ్యూనస్ ఐరిస్ జనమంతా పిల్లల్ని అక్కడికే తీసుకొస్తారు.

"అక్కడ ఊడవడానికి పెట్టుకున్నారా?"

"కాదమ్మా, ఆవిణ్ణి..."

"నాకు తెలీదూ! మీ వైపు ఆడపిల్లల్ని తెచ్చుకోవడం, ముసలైపోయేదాకా ఇంటి మొహం చూడనివ్వకపోవడం! మా అత్తగారింట్లోనూ ఒకతి ఉండేది, పాపం. ఎన్నాళ్ళయింది?"

"నేను పుట్టకముందే తీసుకొచ్చారు."

"జీతమైనా ఇచ్చారా?"

రొసెండా తల అడ్డంగా ఊపింది.

"ఆ రెండో మంచం మీద మంచి పక్క వెయ్యండమ్మా. అక్కడ ఆవిడ ఒక్కనాడూ నడుం వాల్చలేదు. ఊరు చేరేలోగా ఒక్క రాత్రయినా మనిషిలా పడుకోవాలి. మావాళ్ళంతా అదే చెప్పి పంపారు."

ఒఫేలియా కళ్ళు చెమర్చాయి.

"రాణీలా పడుకుంటుంది. నాదీ పూచీ."

మర్నాడు ఒఫేలియా మొగుడి పరుపు లాక్కొచ్చి ఆ మంచం మీద వేసింది.

"ఏమే, మరి నాకో?" అన్నాడు రూబెన్.

"నీ పొట్టే నీకు పరుపు. బోర్లా పడుకో."

మిగతా రెండు గదులూ నిండి ఉన్నాయి కనుక, మధ్యాహ్నం ఒక జంట వచ్చి గది అడిగితే లేదని పంపేసింది. గుమ్మడికాయ, మాంసం వేసి పులుసు కాచింది.

చీకటిపడే వేళకి రొసెండా తిరిగొచ్చింది. ఒక్కతే. చేతుల్లో నేత దుప్పటితో కట్టిన మూట.

ఒఫేలియా వీధి చివరిదాకా చూసింది. ఎవరూ లేరు.

"ఏదీ మీ పెద్దావిడ?"

రొసెండా నేరుగా గదిలోకి వెళ్ళి, మూటని రెండో మంచం మీద పెట్టి, పక్క సర్దింది.

వెనకే వచ్చిన ఒఫేలియా అది చూసింది.

"ఓహో! నీ సామానుకా ఈ పరుపు? లేని ముసలావిణ్ణి పుట్టించి నాచేత కన్నీళ్ళు కూడా పెట్టించావే!"

"మెల్లగా అమ్మా. ఇప్పుడే..."

"నీ కథ నమ్మి వచ్చినవాళ్ళని తిప్పి పంపాను. తియ్యి! మూటల చోటు మంచం కింద."

"కింద పెట్టనమ్మా."

"పోనీవే," అన్నాడు రూబెన్ గుమ్మంలోంచి.

"నువ్వూరుకో! ఆవిడ పెట్టకపోతే నేనే పెడతా."

ఒఫేలియా మూట పట్టుకుని లాగింది. ముడి సడలింది.

దుప్పటి మడతల్లోంచి ఒక పుర్రె నుదురు బయటపడింది. దంతంలా పాలిపోయి ఉంది. దాని మీద నల్ల సిరాతో వేసిన అంకె.

ఒఫేలియా చెయ్యి అక్కడే ఆగిపోయింది. రూబెన్ టోపీ తీసేశాడు.

"ఉండమ్మా... పక్క వేసే ఉంది... ఉండు," అంది ఒఫేలియా.

రొసెండా ముడి బిగించింది. మూటని రెండు చేతులతో ఎత్తుకుంది.

నూరేళ్ళకు పైగా గాజుపెట్టెలో ఇనప ఊచకి కట్టి, వచ్చేపోయేవాళ్ళ ముందు నిలబెట్టి ఉంచిన తన ముత్తవ్వని గుండెకి ఆనించుకుని, ఆ గడప దాటి వెళ్ళిపోయింది.