తెల్ల ప్యాంటు వద్దు

"అది చినో నాయనా. ఇది కార్గో. రెండూ ఒకటి గాదు," అంది శిల్ప మళ్లీ.

వేంపల్లె బట్టల అంగడిలో వీరభద్ర తల వంచుకుని నిలబడ్డాడు. ఆయన ఊరు విడిచిన రోజుల్లో ప్యాంటంటే ప్యాంటే. ఇప్పుడు దానికి ఇన్ని పేర్లు, ఒక్కో పేరుకు ఒక్కో వేళ. కూతురి దగ్గర పాఠం చెప్పించుకోవలసి రావడం ఆయనకు సిగ్గుగా ఉంది.

వీధంతా ఆయన్ని కువైట్ వీరభద్ర అంటోంది. కువైట్ మనిషంటే సెంటు వాసన రావాలి, చేతికి వాచీ ఉండాలి. ఈయన ఒక గుడ్డసంచితో బస్సు దిగాడు. అన్నేళ్లకు తెచ్చింది ఇంతేనా అన్నట్టు చూశారు జనం.

రేపు శిల్పను చూసుకోవడానికి బనగానపల్లె నుంచి వస్తున్నారు. అబ్బాయి భూపేష్ శిల్పకు ముందే నచ్చాడు. అతని తండ్రి ఓబుళేశు కూడా ఈమధ్యే కువైట్ నుంచి దిగాడట. ఆ మాట విన్నప్పటి నుంచి వీరభద్రకు అన్నం సయించడం లేదు. తన వల్ల ఈ సంబంధం తప్పిపోతే కూతురి మొహం ఎలా చూడాలి?

శిల్ప ఓపిగ్గా చెప్పింది. జీన్స్ టౌనుకు పోయేటప్పుడు. కింద ఎలాస్టిక్ ఉండే జాగర్ పొద్దున నడకకు. పక్కన జేబులుండే కార్గో యాత్రలకు. పైన జేబులేవీ కనబడని సాదా చినో మాత్రం రేపటికి, చొక్కా లోపలికి దోపుకుని.

అంగడాయన తెల్ల చినో ఒకటి తీశాడు.

"తెల్లది వద్దప్పా," అన్నాడు వీరభద్ర గబుక్కున. "ఇన్నేండ్లూ తెల్లదే."

అవును మరి, అరబ్బులు కట్టేది తెల్లవే కదా అని అంగడాయన నవ్వాడు. శిల్ప మొహం తిప్పుకుంది.

నీలం చినో వేసి చూసుకోవడానికి గదిలోకి వెళ్లిన మనిషి ఎంతకీ బయటికి రాలేదు. శిల్ప వెళ్లి తలుపు లాగింది. అది ఊరికే దగ్గరికి వేసి ఉంది. వీరభద్ర లోపల ప్యాంటు మార్చుకుని, తలుపు వైపు చూస్తూ బుద్ధిగా నిలబడి ఉన్నాడు.

"తలుపు నువ్వే తీయొచ్చు నాయనా," అంది మెల్లగా.

ఆయనకు కార్గో మీద మనసైంది. ప్రతి జేబులోనూ చేయి పెట్టి చూసుకున్నాడు. శిల్ప కాదనలేక రెండూ కొనిపించింది.

మర్నాడు చుట్టాలు చెప్పిన వేళకు ముందే దిగారు. కంగారులో చేతికందింది తొడుక్కుని, చొక్కా దోపి, బెల్టు బిగించి బయటికొచ్చాడు వీరభద్ర. అది కార్గో. పరదా వెనక శిల్పకు తల కొట్టేసినట్లయింది.

ఎదురుగా ఓబుళేశు జాగర్ ప్యాంటుకు కత్తిలాంటి ఇస్త్రీ గీత పెట్టించుకుని కూర్చున్నాడు. తండ్రి ప్యాంటు కేసి చూడలేక భూపేష్ నేలచూపులే చూస్తున్నాడు. వీరభద్రకు ఇవేవీ కనబడలేదు. తన జేబులు దాచుకోవడంతోనే సరిపోయింది ఆయనకు.

ఇద్దరూ కువైట్ మనుషులే, మాట్లాడుకోండి అన్నాడు సంబంధం తెచ్చిన గోపన్న. వీరభద్ర జేబు మూత నొక్కుకున్నాడు, ఓబుళేశు ఇస్త్రీ గీత సర్దుకున్నాడు. చివరికి ఓబుళేశే గొంతు సవరించుకున్నాడు.

"ఆడ ఎండలు శానా కదప్పా?"

"శానా," అన్నాడు వీరభద్ర. "ఈడ మాదిరే."

అప్పుడే పక్కనున్న బడిలో పొడుగు గంట కొట్టారు.

వీరభద్ర చటుక్కున కుర్చీ దిగాడు. గోడవారన గొంతుక్కూర్చుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని తల దించాడు. చేసిన పని ఏమిటో మరుక్షణం తెలిసింది. పరదా వెనక శిల్ప ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. అయిపోయింది, కూతురి పెళ్లి తన చేతులారా చెడగొట్టాడు. సిగ్గుతో లేవలేక అలాగే తల దించుకుని ఉండిపోయాడు.

ఎంతసేపటికో కళ్లెత్తితే, పక్కనే ఇస్త్రీ గీత ఉన్న రెండు మోకాళ్లు, వాటి మీద బుద్ధిగా పెట్టుకున్న రెండు చేతులు కనిపించాయి.

తల ఎత్తకుండానే ఓబుళేశు ఆయన చెవి దగ్గరికి జరిగి, "నేనుండింది కడప జైల్లో, నీది యా జైలు బావా?" అని అడిగాడు.