పేలు లేని పిల్ల

పొద్దున తను తీసిన పాపిట సాయంత్రానికి అరంగుళం పక్కకు జరిగింది.

పార్లర్ మేడమ్ కళ్లు అలాంటివి. కస్టమర్ కనుబొమలో ఒక్క వెంట్రుక ఎక్కువున్నా పట్టేస్తాయి. కూతురి పాపిట పట్టవా?

"ఎవరే నీ జడ విప్పింది?"

మూడో క్లాసు కూతురు నేల చూపులు చూసింది.

"నిన్నే అడిగేది."

"బస్సులో ఆయమ్మ. రోజూ విప్పి, దువ్వి, మళ్లీ వేస్తుంది."

"రోజూనా!"

మేడమ్‌కు తల కొట్టేసినట్టయింది.

ఆ జడంటే ఆమెకు అంత గర్వం మరి. నడుము దాటిన జడ. పార్లర్ బోర్డు కన్నా దానికే పేరెక్కువ. పైగా నెల రోజులుగా స్కూల్లో పేల గోల. పిల్లల తలలు చూసుకోండని క్లాసులో అందరి ఇళ్లకూ చీటీలొచ్చాయి, వాళ్లింటికి తప్ప.

"క్లాసులో ముప్ఫై మంది. పేలు లేనిది మా పాపొక్కదానికే," అని కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్లకూ చెప్పుకుంది మేడమ్.

ఆ మాట పాకిందో ఏమో, బస్సు పిల్లల తల్లులు ఒక్కొక్కరే పార్లర్‌కు రావడం మొదలెట్టారు. మేడమ్ కాళ్లు నేల మీద ఆనడం లేదు.

అలాంటి తలలో ఎవరిదో దువ్వెనా?

మర్నాడు బస్సు తలుపు తెరుచుకోగానే అడ్డంగా నిలబడింది.

"మా పాప తలలో నీ దువ్వెన పెట్టడానికి నువ్వెవరు? బస్సులో ఉన్న పేలన్నీ దానికి ఎక్కించడానికా?"

ఆయమ్మ మెట్టు మీదే ఆగిపోయింది. చేతిలో ఎవరిదో లంచ్ బ్యాగుంది. కిటికీల్లోంచి పిల్లలంతా తొంగి చూస్తున్నారు.

ఆయమ్మ వాళ్ల వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"ఒక్కసారి పక్కకు రండి మేడమ్. ఇంట్లో మీరు కూడా ఓసారి తల..."

"మా ఇంట్లోనా! నేను పార్లర్ నడుపుతున్నాను. నాకు నువ్వు చెబుతావా?"

ఆయమ్మ ఇంకేదో అనబోయింది. తల్లి పక్కన బిక్కమొహం వేసుకున్న పాపను చూసి మానేసింది.

"తప్పయిపోయింది మేడమ్. ఇంకెప్పుడూ ముట్టుకోను."

ముట్టుకునే అవకాశం మేడమ్ ఇవ్వనూ లేదు. ఆ మధ్యాహ్నమే స్కూలుకెళ్లి ఫిర్యాదు చేసింది. మర్నాటి నుంచి బస్సులో కొత్త ఆయా.

"ఒక్క మాటతో పంపించేశాను," అని అదీ గొప్పగానే చెప్పుకుంది.

పది రోజులు గడిచాయి.

స్కూలు నుంచి చీటీ వచ్చింది. మేడమ్ దాన్ని మూడుసార్లు చదివింది. వేరే వాళ్లది పొరపాటున వచ్చిందేమోనని వెనక్కి తిప్పి కూడా చూసింది.

పాపను కిటికీ దగ్గర కూర్చోబెట్టి జడ విప్పింది. చెవి వెనక ఒకటి పాకింది. మెడ దగ్గర ఇంకోటి. ఈపులకైతే లెక్కే లేదు.

"చూశావా, ఆ ఆయా దువ్వెన చేసిన పని!"

పాపకు ఏడుపొచ్చింది.

"ఆయమ్మ అంటించలేదు. ఆయమ్మ తీసేసేది!"

"ఏంటీ?"

"నాకు అందరికంటే ముందే ఉన్నాయి. జడ ఊడిందని చెప్పి, రోజూ వెనక సీట్లో కూర్చోబెట్టి తీసేది. క్లాసులో టీచర్ చూసేసరికి ఒక్కటీ ఉండేది కాదు. నాకోసం వేరే దువ్వెన కూడా పెట్టింది. ఇంటికెళ్లి వేడినీళ్లలో వేసి తెచ్చేది."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వేమో నాకు పేల్లేవని అందరికీ చెప్తున్నావుగా." పాప ముక్కు ఎగబీల్చింది. "ఎన్ని తీసినా మళ్లీ వస్తున్నాయంటే మీ ఇంట్లో ఇంకెవరికో ఉండాలి, నీ పక్కన ఎవరు పడుకుంటారు అని అడిగింది ఆయమ్మ."

పాప పక్కన పడుకునేది మేడమే. ఇద్దరిదీ ఒకే దిండు.

మేడమ్ చెయ్యి తన తల దాకా వెళ్లి ఆగింది. నెలన్నరగా దురద. చుండ్రనుకుని నాలుగు షాంపూలు మార్చింది.

"కూర్చో అమ్మా," అంది పాప.

అమ్మ తల తడిపింది. పాయలు పాయలుగా విడదీసి, కుదురు నుంచి కొస దాకా సన్నపళ్ల దువ్వెన లాగింది. లాగిన ప్రతిసారీ తెల్లగుడ్డకు తుడిచింది. ఎనిమిదేళ్ల చేతుల్లో ఎక్కడా తడబాటు లేదు.

"భలే దువ్వుతున్నాను కదా? ఆయమ్మే నేర్పింది."

తెల్లగుడ్డ మీద కదులుతున్నవి చూసి మేడమ్ సిగ్గుతో ముడుచుకుపోయింది. అంత సిగ్గులోనూ కూతురి పనితనం చూసి గర్వపడింది. ఆ చేతులకు పని నేర్పిన మనిషిని తలుచుకుని ఏడ్చింది.

మర్నాడు బస్సు దగ్గరకు పరుగెత్తింది.

"ఆవిడా? ఉన్న గది ఖాళీ చేసి వెళ్లిపోయిందండీ. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు," అన్నాడు డ్రైవర్.

మేడమ్ పార్లర్ మూసేసింది. తల్లీకూతుళ్లిద్దరూ మందు పెట్టుకున్నారు, దిండు గలీబులు వేడినీళ్లలో ఉతికారు. వారం తర్వాత రెండోసారి మందు పెట్టుకుని, తలలు మళ్లీ మళ్లీ చూసుకున్నాకే తలుపు తీసింది.

మొదట వచ్చింది బస్సు పిల్లల తల్లుల్లో ఒకావిడ. మేడమ్ దువ్వెన పట్టుకోకముందే చెప్పేసింది.

"ఒక్క మాటండీ. పేలు నా తలలోనే ఉన్నాయి. మా పాపకూ నా నుంచే ఎక్కాయి. ఇప్పుడు పోయాయనుకోండి. అయినా మీకిష్టం లేకపోతే వెళ్లిపోవచ్చు."

ఆవిడ పడీపడీ నవ్వింది.

"భలే జోకులేస్తారు మేడమ్! మేమంతా ఎవరి మాట విని మీ దగ్గరికొచ్చామనుకున్నారు? 'ఆ పాప తలంతా వెతికినా ఒక్కటి దొరకదమ్మా, అదంతా వాళ్లమ్మ చేతి గొప్ప, మీరూ అక్కడికే వెళ్లండి' అని ప్రతి స్టాపులోనూ బస్సు దిగి మరీ చెప్పింది ఆ ఆయమ్మేగా!"