ఎనభై శాతం ఛాన్సు

"ఆ ఫైలు కాస్త తీస్తారా సారూ, కూర్చుంటాను."

శాతం మాస్టారు తలెత్తి చూశారు. గ్రీజు మరకల చొక్కా, చేతిలో తాళాల గుత్తి, చంకలో ఏదో కవరు.

ఫైలైతే తీశారు గానీ, మనసొప్పి తియ్యలేదు.

కాలేజీ ఆఫీసు వరండాలో ఉన్నది ఆ ఒక్క బెంచీయే. పొద్దున తొమ్మిదింటి నుంచి మాస్టారూ, ఆయన కూతురూ దాన్ని అంటిపెట్టుకుని ఉన్నారు. తలుపుకి అంటించిన జాబితాలో సీటొచ్చినవాళ్లు నలభైమంది. దాని కింద వెయిటింగ్ లిస్టు. అందులో మొదటి పేరు ఈ అమ్మాయిది. చేరడానికి ఇవాళే ఆఖరు. నాలుగు గంటల్లోపు ఆ నలభైమందిలో ఒక్కరు వద్దనుకుంటే చాలు, సీటు ఈమెదే.

"వస్తుందంటావా నాన్నా?" అంది కూతురు, అప్పటికి ఏడోసారి.

"ఎనభై శాతం. పదేళ్ల జాబితాలు తిరగేశాను. ఎనిమిదేళ్లు ఆఖరి రోజున ఎవరో ఒకరు వదులుకున్నారు."

"మిగతా రెండేళ్లు?"

"అవి మిగతా ఇరవై శాతం."

హైస్కూల్లో లెక్కలు చెప్పే ఆయనకు శాతం మాస్టారన్న పేరు ఊరికే రాలేదు. ఏ పిల్లకి ఏ కాలేజీలో ఎంత ఛాన్సుందో దశాంశాలతో సహా చెప్పేస్తారు. ఒకసారి ఆసుపత్రిలో ఉన్న బావమరిదిని పలకరించడానికి వెళ్లి, అరవై రెండు శాతం అని చెప్పి వచ్చారు. బావమరిది లేచి శుభ్రంగా తిరుగుతున్నాడు. అత్తగారు మాత్రం ఇప్పటిదాకా ఈయనతో మాట్లాడదు.

"సరుకేమైనా దించడానికి వచ్చావా?" కొత్త మనిషిని అడిగారు మాస్టారు.

"లారీ నడుపుతానండీ. ఆఫీసులో చిన్న పనుండి వచ్చాను." అతను కాసేపు కవరుని అటూ ఇటూ తిప్పాడు. "సారూ, అడిగానని అనుకోకండి. ఈ కాలేజీ నిజంగా అంత గొప్పదా?"

అంతే, మాస్టారికి పూనకం వచ్చేసింది.

"గొప్పదా అని మెల్లగా అడుగుతావేంటయ్యా! ముప్పైవేలమంది పరీక్ష రాస్తే నలభైమందికి దొరుకుతుంది. సున్నా దశాంశం ఒకటి మూడు శాతం!"

"ఇంటికి దగ్గర్లో ఇంకో కాలేజీ ఉంటేనో? అందులో చేరితే తప్పాండీ?"

"చదువు కావాలా, నడక తగ్గాలా?"

"నాన్నా, మెల్లగా," కూతురు మోచేత్తో పొడిచింది. లోపలి నుంచి గుమాస్తా తొంగిచూస్తున్నాడు.

మాస్టారు తగ్గితేగా!

"అది కాదండీ," డ్రైవరు నసిగాడు. "ఇక్కడంతా బాగా ఉన్నోళ్ల పిల్లలేనట. మాబోటివాళ్ల పిల్లలు ఇమడలేరని మా అన్నయ్య అంటాడు."

"మీ అన్నయ్య ఏం చేస్తాడు?"

"ఆయనా లారీయేనండీ."

"అయితే లారీల సంగతి అడుగు ఆయన్ని. చదువుల సంగతి నన్నడుగు." మాస్టారి గొంతు ఎందుకో తగ్గింది. "నాకు పదిహేడేళ్లప్పుడు ఇక్కడే సీటొచ్చింది. దూరం వద్దని మా నాన్న మానిపించాడు. ముప్పై ఏళ్లయిందయ్యా. ఈ గేటు చూస్తే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది."

కూతురు తండ్రి మొహంలోకి చూసింది. ఈ ముక్క ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు.

"మీ నాన్నగారి మీద కోపం పోయిందా సారూ?" అన్నాడు డ్రైవరు.

"ఆయనే పోయాడు. కోపం మాత్రం ఉంది."

డ్రైవరు కవరులోని కాగితం సగం పైకి లాగి చూసుకుని, మళ్లీ లోపలికి తోశాడు. తర్వాత లేచి, "మీ పిల్లలు చల్లగా ఉండాలి," అని లోపలికి వెళ్లాడు.

"పాపం నాన్నా," అంది కూతురు. "ఆయన పిల్లలకి ఇక్కడ ఎంత ఛాన్సుంటుంది?"

మాస్టారు వేళ్లమీద లెక్క కట్టారు.

"దశాంశం పెట్టి, ఆ తర్వాత సున్నాలు పెట్టుకుంటూ పోవడమే."

పావుగంటకి డ్రైవరు బయటికొచ్చాడు. కళ్లు తుడుచుకుంటూనే నవ్వుతున్నాడు. మాస్టారికి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి, పరుగులాంటి నడకతో వెళ్లిపోయాడు. లెక్కల మాస్టార్లకి ఇలాంటి గౌరవం అరుదు. ఆయన కాలరు సర్దుకున్నారు.

మూడు దాటింది. మూడున్నర దాటింది. అమ్మాయి గోళ్లన్నీ అయిపోయాయి.

సరిగ్గా నాలుగింటికి గుమాస్తా తాళంకప్పతో బయటికొచ్చాడు.

"నలభైమందీ చేరిపోయారు మాస్టారూ."

అమ్మాయి తల దించుకుంది. కన్నీళ్లు టపటపా ఒళ్లో పడ్డాయి. మాస్టారికి ఏ శాతమూ నోటికి రాలేదు. ఆమె తలమీద చెయ్యివేసి, "ఒక్కరు కూడా వద్దనలేదా?" అన్నారు.

"రాసివ్వందే బయటికి చెప్పకూడదని ఊరుకున్నాను గానీ, పొద్దున మీ అమ్మాయికే అనుకున్నాను సుమండీ. ఫస్టు ర్యాంకు పిల్ల తండ్రి ఫోన్ చేసి, మాకు సీటొద్దు, కాగితం రాసి తెస్తానన్నాడు. తీరా వచ్చి, ఆ కాగితం నా కళ్లముందే పరపరా చింపేసి, కూతుర్ని చేర్పించి పోయాడు."

"ఎవడండీ ఆ మతిలేని మనిషి?" మాస్టారు కస్సుమన్నారు.

గుమాస్తా తాళం వేస్తూ అన్నాడు, "ఇందాక మీ పక్కన కూర్చున్న లారీ డ్రైవరేనండీ, బయట ఎవరో మహానుభావుడు తన కళ్లు తెరిపించాడట!"